అటక మీద దొరికిన 1970ల నాటి మోడల్ రాకెట్‌ని ఎగరేయొచ్చా? ఎగరేస్తే తిరిగి దక్కించుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: పాత పెట్టెలో ఎస్టెస్ ఆల్ఫా (ఎస్టెస్ కంపెనీ కిట్‌తో కట్టే చిన్న మోడల్ రాకెట్) ఒకటి దొరికింది, 1970ల మొదట్లో ఎవరో కట్టింది. బాల్సా (చాలా తేలికైన చెక్క) రెక్కలు మూడూ ఉన్నాయి, పారాచూట్ ముద్దకట్టుకుపోయింది, అదే పెట్టెలో నాలుగు పాత మోటార్లు కూడా ఉన్నాయి. ఎగరేయొచ్చా, ఏ మోటారు వాడాలి, పోకుండా ఎలా దక్కించుకోవాలి?

ఎగరేయొచ్చు. పెట్టెలోని మోటార్లు మాత్రం ముట్టుకోకండి. షాక్ కార్డ్ (రాకెట్ ముక్కునీ ఒంటినీ కలిపి ఉంచే రబ్బరు పట్టీ), పారాచూట్ రెండూ కొత్తవి పెట్టండి. మొదటిసారి కొత్త ఏ8-3 మోటారుతో (ఈ పేరు అర్థం కింద చెబుతాను), గాలి లేని పొద్దుటి పూట వదలండి. ఈ మాత్రం చేస్తే రాకెట్ మీ చేతికి తిరిగొచ్చే అవకాశం చాలా ఎక్కువ. కింద రాసిందంతా దీనికి కారణాలు, పని చేసే పద్ధతి.

ముందు ఒక మాట. మీది కట్టిన మోడల్ కాబట్టి ఎగరేయమంటున్నాను. సీలు విప్పని పాత కిట్ అయితే నా సలహా వేరేగా ఉండేది. అలాంటిదాన్ని విప్పకుండా దాచుకుని, దాని కొలతలతో కొత్త బాల్సా, కొత్త ట్యూబుతో నకలు కట్టుకుని ఎగరేసుకోవడం మేలు. ఆల్ఫా 1967లో వచ్చిన డిజైను, పొడవు సుమారు 31 సెంటీమీటర్లు, మోటారు లేకుండా బరువు దాదాపు 23 గ్రాములు. నకలు కట్టడం ఒక సాయంత్రం పని.

పాత రాకెట్లు పైకి వెళ్ళేటప్పుడు పాడయ్యేది తక్కువ. ఎజెక్షన్ చార్జ్ (మోటారు చివర్లో పేలి పారాచూట్‌ని బయటికి తోసే కొద్దిపాటి మందు) పేలిన క్షణం నుంచి నేలను తాకేదాకా ఉన్న ఆ అర నిమిషంలోనే ఎక్కువగా పోతాయి. రబ్బరు తెగుతుంది, పారాచూట్ విచ్చుకోదు, మోటారే వెనక్కి ఊడిపోతుంది. అందుకే సిద్ధం చేసే సమయంలో ముప్పాతిక వంతు కిందికి దిగే వ్యవస్థకే ఇవ్వండి. రంగు, స్టిక్కర్లు తర్వాత చూసుకోవచ్చు.

పాత మోటార్లు ఎందుకు వద్దు

వీటిలో ఉండేది కాగితపు గొట్టంలో గట్టిగా దట్టించిన నల్లమందు. ఏళ్ళ తరబడి అటక మీద ఎండకు వేడెక్కి రాత్రికి చల్లబడుతూ ఉంటే మందుదిమ్మ గొట్టం గోడ నుంచి సన్నగా విడిపోతుంది, లేదా లోపల బీటలిస్తుంది. మంట మామూలుగా ఒక చివరి నుంచి రెండో చివరికి పొరపొరగా కాలుతూ పోవాలి. సందు ఉంటే ఆ సందులోకి దూరి ఒకేసారి ఎక్కువ మందును అంటిస్తుంది. ఒత్తిడి హఠాత్తుగా పెరిగి నాజిల్ (మంట బయటికొచ్చే సన్నటి నోరు) ఎగిరిపోవచ్చు, గొట్టం చీలొచ్చు, లేదా ముందువైపు మూత పగిలి మంటంతా పారాచూట్ మీదికి రావచ్చు. బయటి నుంచి చూస్తే మోటారు కొత్తదానిలాగే ఉంటుంది, కంటితో పసిగట్టలేం. యాభై ఏళ్ళ నాటి రాకెట్‌ని ఇలాంటి జూదానికి పెట్టడం దండగ.

వాటిని వదిలించుకోవాలంటే బకెట్ నీళ్ళలో ముంచి, గొట్టం విచ్చుకుని లోపలి మందు బురదయ్యేదాకా ఉంచండి. కోయకండి, డ్రిల్లు పెట్టకండి, మందు గీకి తీయకండి.

పాత కాగితాల్లో మోటారు పేర్లు చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. 1960ల కాగితాల్లో బి.8-4 అని మధ్యలో చుక్కతో ఉంటే ఆ 0.8 పౌండ్లలో చెప్పిన సగటు తోపుడు, అంటే దాదాపు 3.6 న్యూటన్లు. ఇప్పటి పేర్లలో ఆ అంకె నేరుగా న్యూటన్లలో ఉంటుంది. ఇక చివర 0 ఉన్న మోటారు, ఉదాహరణకు బి6-0, రెండంచెల రాకెట్లో కింది అంచె కోసం చేసింది. దానిలో డిలే (మందు కాలాక ఎజెక్షన్ పేలేదాకా కాసేపు ఆపే పొర) ఉండదు, ఎజెక్షన్ చార్జ్ కూడా ఉండదు. ఒంటిగా ఆల్ఫాలో పెడితే పారాచూట్ బయటికి రాదు, రాకెట్ ముక్కు కిందికి పెట్టి నేలలో దిగబడుతుంది. పాత పెట్టెల్లో ఇవి తరచుగా కలిసిపోయి ఉంటాయి.

ఏ మోటారు

మోటారు పేరులోని అక్షరం మొత్తం తోపుడును చెబుతుంది: ఏ (A) అంటే 2.5 న్యూటన్ సెకన్ల వరకు, బి అంటే 5, సి అంటే 10. ఒక్కో మెట్టుకూ మొత్తం తోపుడు రెట్టింపు. గీత తర్వాతి అంకె, మందు కాలడం పూర్తయ్యాక ఎజెక్షన్ పేలేదాకా పట్టే సెకన్లు. ఆల్ఫా బరువున్న రాకెట్ ఏ8-3తో దాదాపు 100 మీటర్లు, బి6-4తో దానికి రెట్టింపు, సి6-7తో 300 మీటర్ల దాకా పోతుంది.

ఇప్పుడు దిగే లెక్క చూడండి. ఖాళీ మోటారు, మరమ్మతు జిగురు అన్నీ కలిపి 40 గ్రాములు అనుకుందాం. 30 సెంటీమీటర్ల పారాచూట్‌తో సెకనుకు సుమారు 3.5 మీటర్ల వేగంతో దిగుతుంది. బాల్సా రెక్కలకు అది మంచి వేగం. 100 మీటర్ల నుంచి దిగడానికి 29 సెకన్లు పడుతుంది. సెకనుకు 3 మీటర్ల పిల్లగాలి ఉన్నా 86 మీటర్లు కొట్టుకుపోతుంది. అదే సి6తో 300 మీటర్లు పోతే గాలిలో 86 సెకన్లు ఉంటుంది, అదే గాలికి 257 మీటర్ల దూరంలో దిగుతుంది. పైన గాలి కింద ఉన్నదానికంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి నిజంగా దిగేది ఇంకా దూరంలో. పైగా పాతిక మిల్లీమీటర్ల లావున్న రాకెట్ 300 మీటర్ల ఎత్తులో కంటికి ఆనదు. సి మోటారు పెట్టాలన్న ఉబలాటం అందరికీ ఉంటుంది, పాత రాకెట్లు ఎక్కువగా మాయమయ్యేది కూడా దానితోనే.

డిలే సంగతి. రంగు మీద రంగు వేసిన, రెక్కల దగ్గర జిగురు బాగా పట్టించిన పాత మోడల్ బరువెక్కి ఉంటుంది, అంత ఎత్తుకు పోదు, తొందరగా కిందికి తిరుగుతుంది. దానికి డిలే తక్కువ ఉండాలి. వేగంగా కిందికి వస్తున్నప్పుడు పారాచూట్ తెరుచుకుంటే దారం ట్యూబు అంచుని పైనుంచి కిందికి చీల్చేస్తుంది. కాబట్టి వంటింటి త్రాసు మీద తూచండి. మోటారు లేకుండా 30 గ్రాములు దాటితే ఏ8-5 జోలికి పోకుండా ఏ8-3 దగ్గరే ఉండండి.

షాక్ కార్డ్

నోస్ కోన్‌నీ (రాకెట్ ముక్కు) బాడీ ట్యూబునీ (ఒంటి గొట్టం) కలిపి ఉంచే ఆ రబ్బరు పట్టీ ఇన్నేళ్ళకు గట్టిపడి ఉంటుంది. వేళ్ళ మధ్య పట్టుకుని సాగదీస్తే అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి, ఇంకాస్త లాగితే తునుగుతుంది. తెగలేదు కదా అని వదిలేయకండి. ఎజెక్షన్ లాగుడు మీ చేతి లాగుడు కంటే చాలా కర్కశంగా ఉంటుంది, పైగా వేడి.

దాన్ని ట్యూబు లోపల పట్టుకుని ఉండేది మూడు మడతల కాగితపు ముక్క. దానిమీది జిగురు ఎండి అంచులు లేచి ఉంటే నెమ్మదిగా ఊడదీయండి. రాకపోతే బలవంతం వద్దు, ట్యూబు లోపలి పొర కూడా దానితో లేచొస్తుంది. పాతదాన్ని అలాగే ఉంచి, రబ్బరు కత్తిరించేసి, ఎదుటి గోడకు కొత్త మడత అంటించండి. ట్యూబు అంచు నుంచి కనీసం రెండున్నర సెంటీమీటర్లు లోపలికి ఉండాలి, లేకపోతే నోస్ కోన్ భుజం (ట్యూబులోకి దూరే భాగం) దానికి తగులుతుంది. మామూలు తెల్ల చెక్క జిగురు చాలు. వేలితో ఒత్తి పట్టుకుని ఒక నిమిషం ఉంచి, రాత్రంతా ఆరనివ్వండి.

కొత్త తాడుగా నేను వాడేది రెండు ముక్కలు: ట్యూబు లోపల సన్నని కెవ్లార్ దారం, దాని చివర బట్టలకు వాడే చదునైన ఎలాస్టిక్. కెవ్లార్ మంటకు తట్టుకుంటుంది కానీ సాగదు. కెవ్లార్ ముడి ట్యూబు నోటి లోపలే ఉండాలి, బయటికి రాకూడదు. బయటికొస్తే లాగుడు పడినప్పుడు ఆ సన్నదారం కత్తిలా పనిచేసి అట్ట ట్యూబుని కోస్తుంది. మొత్తం పొడవు రాకెట్ పొడవుకు మూడింతలు, అంటే ఆల్ఫాకి 90 సెంటీమీటర్లకు తగ్గకుండా. పొట్టిగా ఉంటే నోస్ కోన్ రబ్బరుతో వెనక్కి ఎగిరొచ్చి రెక్కకో ట్యూబుకో గుద్దుకుంటుంది. పాత బాల్సా నోస్ కోన్ల మీద కనిపించే నొక్కులు చాలావరకు అలా వచ్చినవే.

నోస్ కోన్ అడుగున ఉన్న కొక్కెం మరను వేలితో తిప్పి చూడండి. బాల్సా మెత్తది కాబట్టి మర వదులై ఉంటుంది. తీసేసి, రంధ్రంలో చుక్క జిగురు వేసి, మళ్ళీ బిగించండి.

నోస్ కోన్ బిగువు

రాకెట్‌ని నోస్ కోన్ పట్టుకుని నిలువుగా వేలాడదీయండి. కింది భాగం దానంతటది జారకూడదు, చిన్నగా కుదిపితే జారాలి. బాల్సా తేమకు ఉబ్బుతుంది కాబట్టి ఈ పరీక్ష ఇంట్లో చేసి ఊరుకోకుండా మైదానంలో వదిలే ముందు మళ్ళీ చేయండి. బిగువైతే భుజాన్ని సన్న గరుకు కాగితంతో రుద్దండి, వదులైతే ఒక వరస టేపు.

పారాచూట్, వాడింగ్

అసలు ప్లాస్టిక్ పారాచూట్‌ని జ్ఞాపకంగా దాచుకోండి. ఏళ్ళ తరబడి మడతలో ఉన్న ప్లాస్టిక్ ఆ మడతనే రూపంగా చేసుకుంటుంది, గాలిలో విచ్చుకోదు. దారాలు అంటించిన టేపు బిళ్ళలు కూడా ఊడిపోతుంటాయి. 30 సెంటీమీటర్ల కొత్తది, వీలైతే పల్చటి నైలాన్‌ది, మెరిసే నారింజ లేదా ఎరుపు రంగులో తీసుకోండి.

మైదానం చిన్నదైతే పారాచూట్ మధ్యలో రంధ్రం చేస్తే తొందరగా దిగుతుందని చాలామంది చెబుతారు. లెక్క వేస్తే 30 సెంటీమీటర్ల దానిలో 5 సెంటీమీటర్ల రంధ్రం తీసేది మూడు శాతం లోపు వైశాల్యం. దానివల్ల ఊగడం తగ్గుతుందేగానీ వేగం పెద్దగా మారదు. నిజంగా త్వరగా దించాలంటే దారాలన్నిటినీ కలిపి సగం పొడవు దగ్గర టేపు చుట్టండి. పారాచూట్ పూర్తిగా విచ్చుకోకుండా గొడుగు సగం తెరిచినట్టు ఉంటుంది. ఇది మెత్తటి పచ్చిక ఉన్నచోటే చేయండి.

వాడింగ్ అంటే ఎజెక్షన్ మంట పారాచూట్‌ని కరిగించకుండా మధ్యలో పెట్టే అడ్డు. మంట అంటుకోని మందు పట్టించిన కాగితమే వాడాలి, ఆల్ఫాకి మూడు నాలుగు ముక్కలు. మామూలు టిష్యూ, దూది, పాత బట్టముక్కలు వద్దే వద్దు. అవి నిప్పుతో కిందపడి ఎండుగడ్డిని అంటిస్తాయి. ముక్కల్ని వదులుగా నలిపి ట్యూబు వెడల్పుకు రెండింతల లోతు, అంటే ఐదు సెంటీమీటర్లు నిండేలా లోపలికి పంపండి. గోడ చుట్టూ సందు లేకుండా ఉండాలి, కానీ దట్టించకూడదు.

పారాచూట్‌కి కాస్త టాల్కం పౌడర్ రాసి, కొసలు కలిపి పొడుగ్గా మడిచి, చుట్టి, దారాల్ని పైన వదులుగా రెండు చుట్లు తిప్పండి. వదిలే ముందే మడవాలి. రాత్రే మడిచి పెట్టుకుంటే, ముఖ్యంగా చలికాలంలో, ముద్దగానే దిగుతుంది. వరస ఇలా: ముందు వాడింగ్, తర్వాత షాక్ కార్డ్, ఆపైన పారాచూట్, చివర నోస్ కోన్. అన్నీ పెట్టాక మోటారు పెట్టకముందు వెనకవైపు నుంచి నోటితో గట్టిగా ఒక్కసారి ఊదండి. నోస్ కోన్, పారాచూట్ బయటికి దూకాలి. దూకకపోతే ఎక్కడో బిగిసింది. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్షకు మించినది నాకు తెలియదు. ఊదాక మళ్ళీ మొత్తం సర్దుకోవాలనుకోండి, పర్వాలేదు.

చుట్టే ముందు మడతల్లో చిటికెడు రంగు సుద్దపొడి వేస్తే, తెరుచుకున్నప్పుడు గాలిలో చిన్న మబ్బు కనిపిస్తుంది. ఎత్తులో ఉన్నదాన్ని కనిపెట్టడానికి బాగా పనికొస్తుంది.

మోటారు ఊడిపోకుండా

పాత మోడళ్ళలో కొన్నిటికి మోటారుని పట్టుకునే ఇనుప హుక్ ఉండదు, బిగువుతోనే ఆగాలి. బిగువు చాలకపోతే ఎజెక్షన్ ఒత్తిడి నోస్ కోన్‌ని ముందుకు తోయకుండా మోటారునే వెనక్కి తన్నేస్తుంది, పారాచూట్ లోపలే ఉండిపోతుంది. మోటారు చుట్టూ మాస్కింగ్ టేపు చుట్టి, చేత్తో గట్టిగా తిప్పుతూ తోస్తేనే లోపలికి వెళ్ళేంత బిగువు తెండి. లోపలి ఆపుడు రింగుకు తగిలిందో లేదో చూడండి. ఆ రింగు జిగురు కూడా పాతదే, వాడేసిన ఖాళీ మోటారుతో నొక్కి చూస్తే కదలకూడదు. కదిలితే వెనక నుంచి పుల్లతో జిగురు పట్టించండి. హుక్ ఉన్న మోడల్ అయితే దాని కొస వంపు తిన్నగా ఉందా, అట్టని కోస్తోందా అని చూస్తే చాలు.

రెక్కలు, నిలకడ

ప్రతి రెక్క కొసనూ వేలితో పక్కకు మెల్లగా నెట్టండి. మొదట్లో సన్నని గీత తెరుచుకుంటే అక్కడ జిగురు వదిలింది. తెల్ల జిగురు సన్నగా పట్టించి వేలితో నున్నగా తుడవండి. బరువైన ఎపాక్సీ వద్దు. తోక దగ్గర చేరిన ప్రతి గ్రామూ బరువు కేంద్రాన్ని వెనక్కి లాగుతుంది, రాకెట్ తిన్నగా పోదు.

సరిచూసుకోవడానికి, కొత్త మోటారు, పారాచూట్ అన్నీ పెట్టి వేలిమీద ఆనించి బరువు కేంద్రం గుర్తించండి. అక్కడ దారం కట్టి టేపుతో బిగించి, రెండు మూడు మీటర్ల దారంతో తల చుట్టూ గుండ్రంగా తిప్పండి. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే నిలకడ ఉన్నట్టే. తిరగకపోయినా ప్రమాదమే అనుకోనక్కర్లేదు, ఈ పరీక్ష కాస్త కఠినం. నోస్ కోన్ అడుగున కొద్దిగా బంకమట్టి చేర్చి మళ్ళీ తిప్పి చూడండి.

లాంచ్ లగ్, అంటే పక్కన అంటించిన చిన్న గొట్టం, అందరూ మర్చిపోయేది. అది ఊడితే రాడ్ (వదిలేటప్పుడు రాకెట్‌ని నిలబెట్టే చువ్వ) మీదే రాకెట్ అడ్డం తిరుగుతుంది. మళ్ళీ అంటించి చుట్టూ జిగురు అంచు కట్టండి. లోపల పాత రంగు పేరుకుని ఉంటే గీకేయండి.

మైదానంలో

3.2 మిల్లీమీటర్ల లావు, 90 సెంటీమీటర్ల పొడవున్న రాడ్. తుప్పు ఉంటే గరుకు కాగితంతో రుద్ది పొడిబట్టతో తుడవండి, రాకెట్ పైనుంచి కింది దాకా తన బరువుతోనే జారాలి. అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల ప్రకారం ఏ (A) రకం మోటారుకి మైదానం కనీసం 30 మీటర్లు, బి కి 60, సి కి 120 ఉండాలి. నా దృష్టిలో అవి కనీసాలే, పాత రాకెట్‌కి రెండింతలు చూసుకోండి. మనుషులు 5 మీటర్ల దూరంలో ఉండాలి, బ్యాటరీతో వేడెక్కి మోటారుని అంటించే విద్యుత్ ఇగ్నైటర్‌తోనే వెలిగించాలి, గాలి గంటకు 32 కిలోమీటర్లు దాటితే ఎగరేయకూడదు. వెలగకపోతే బటన్ ఉన్న కంట్రోలర్ నుంచి సేఫ్టీ కీ తీసేసి ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్ళాలి. మీరున్నచోట అనుమతి అవసరమేమో ముందే కనుక్కోండి.

వెలగకపోవడానికి కారణం చాలాసార్లు మోటారు కాదు. ఇగ్నైటర్ కొస మందుకు తగలకపోవడం, క్లిప్పులకు పట్టిన మసి, నీరసించిన బ్యాటరీ. క్లిప్పుల్ని ప్రతిసారీ గరుకు కాగితంతో రుద్దండి. పెట్టెలో పాత కంట్రోలర్ కూడా దొరికి ఉంటే, బ్యాటరీ గూటిలో పచ్చటి పొడి కనిపిస్తే దాన్ని వాడకండి.

రాకెట్ గాలివైపు తల తిప్పుకుంటుంది, తర్వాత పారాచూట్ మీద గాలితోపాటు వెనక్కి వస్తుంది. అందుకే రాడ్‌ని గాలి వచ్చే వైపుకి రెండు మూడు డిగ్రీలు వంచితే చాలు. ఇంకా ఎక్కువ వంచితే ఎత్తు పోయి, పడుకుని పోతుంది.

వెతకడం

ఒకరు బటన్ నొక్కితే మరో ఇద్దరు ఒకరికొకరు యాభై మీటర్ల ఎడంగా నిలబడి చూపు తిప్పకుండా చూడాలి. దిగినచోటి వెనకాల ఉన్న చెట్టో స్తంభమో గుర్తుపెట్టుకుని ఇద్దరూ ఎవరి గీత మీద వాళ్ళు తిన్నగా నడవండి, రెండు గీతలూ కలిసిన చోట ఉంటుంది. ఒక్కరే ఉంటే ఆ గీత వదలకుండా నడవండి. రాకెట్ సాధారణంగా మనం అనుకున్నదానికంటే దూరంలోనే పడి ఉంటుంది, కాబట్టి కనిపించలేదని మధ్యలో ఆగి చుట్టూ తిరగకండి. కరెంటు తీగల మీద పడితే ఆశ వదులుకోండి, కర్రతో కూడా తాకొద్దు.

దొరికాక ముందు మోటారు తిప్పి బయటికి లాగండి. వదిలేస్తే లోపల మసి గట్టిపడి తర్వాత రాదు. చుట్టుపక్కల వాడింగ్ ముక్కలు నిప్పుతో ఉన్నాయేమో చూసి తొక్కేయండి. మంచుకు తడిసిన ట్యూబుని నొక్కకుండా, ఒక కర్రపుల్లకు తొడిగి నిలబెట్టి నీడలో ఆరనివ్వండి. ట్యూబు అంచు చిన్నగా చీలి ఉంటే పల్చటి సూపర్ గ్లూ ఆ చీలికలోకి పీల్చుకునేలా వేసి, ఆరాక రుద్దితే సరిపోతుంది. రెక్క ఊడితే దానికి అంటుకుని వచ్చిన అట్టపొరను చింపేయకుండా దానితో సహా అదే చోట అంటించండి.

పారాచూట్ రాకెట్ ఇంకా పైకి పోతుండగానే తెరుచుకుందా, వంగి కిందికి దిగడం మొదలయ్యాక తెరుచుకుందా అన్నది రాసిపెట్టుకోండి. సరిగ్గా పైన ఆగినప్పుడే తెరుచుకుని, వాడింగ్ అవతల మసి లేకుండా ఉంటే, తర్వాతిసారి బి6-4 పెట్టొచ్చు.